గంట విప్పిన ఆవు

ముసలయ్య ముసలివాడు కాదు. తాత పేరు పెట్టారు, అంతే. ముప్పై ఏళ్ల మనిషి, వడ్ల బస్తాను ఒక్క ఊపులో భుజానికెత్తేవాడు. అంత మనిషీ ఐదు నెలల కూతురు ఏడుపు ఎత్తుకుంటే ఇల్లు విడిచి పారిపోయేవాడు. ఎందుకో చెబుతాను.

బస్తరు రాజ్యం రోజులవి. కుంట అనే ఊరికి రెండు కోసుల ఎగువన, శబరి ఏటి ఒడ్డున వాళ్ల ఊరు. తెలుగువాళ్లవి పదిళ్లు, దోర్ల కోయవాళ్లవి ముప్పై ఇళ్లు. ఆ ఏడు పుష్యమాసంలో రోడ్డు పనికి ఇంటికొక మనిషి రావాలన్నారు. కూలీ లేదు, కూడూ లేదు. దాన్ని బేగారి అనేవారు. దాని గురించి రాయాలంటే నాకు కాగితాలు చాలవు, అది ఇంకోసారి. ఇప్పుడు ముసలయ్య చెవి గురించి.

బండకు బెజ్జం తొలిచి మందు కూరారు. దూరం పొమ్మని అరవాల్సిన మేస్త్రీ చుట్ట ముట్టించుకుంటున్నాడు. బండ పేలింది. ముసలయ్య మట్టితట్ట ఎత్తుకుని దగ్గర్లోనే ఉన్నాడు. వంటి మీద చిన్న గీత కూడా పడలేదు.

"నెత్తురు రాలేదుగా, లే" అని మేస్త్రీ తట్టను మళ్లీ అతని నెత్తికెత్తాడు.

నెత్తురు రాకపోతే దెబ్బ కాదన్నమాట!

ఆ రోజు నుంచి ముసలయ్య ఎడమ చెవిలో ఒక కూత మొదలైంది. ఇలకోడి కూసినట్టు సన్నగా, తెంపు లేకుండా. కూడు తింటున్నా అదే, కళ్లు మూసినా అదే. దానికి తోడు ఇంకో బాధ. బయటి చప్పుళ్లు రాళ్లలా వచ్చి తగిలేవి. చెంబు కింద పెడితే ఉలిక్కిపడేవాడు. కుక్క మొరిగితే పళ్లు బిగించేవాడు. అన్నిటికంటే పెద్ద రాయి కూతురి ఏడుపు. శుక్రవారం పుట్టింది కాబట్టి పిల్లను సుక్కి అనేవారు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు పుట్టిన పిల్ల. ఆ గొంతు లేస్తే చాలు, తండ్రి తల పట్టుకుని బయటికి పరిగెత్తేవాడు. బయటికి పోయి పిల్ల కోసం ఏడ్చేవాడు. ఎత్తుకోవాలని ఉంది, ఎత్తుకోలేడు. మాఘమాసం సగమయ్యేసరికి చాప చంకన పెట్టుకుని ఏటిగట్టు మీద మిరపచేను గుడిసెకు వెళ్లిపోయాడు.

పెళ్లాం తిరుపతమ్మ ఊరుకునే మనిషి కాదు. చప్పుడే రోగం కదా, చప్పుడు లేకుండా చేస్తే మొగుడు ఇంటికొస్తాడనుకుంది. ఇత్తడి బిందె బోర్లించి మట్టికుండ ఎత్తింది. కుక్కను తమ్ముడి ఊరికి పంపింది. వడ్లు దంచడానికి రోకలి భుజాన వేసుకుని ఊరవతల ఉండే దోర్ల పెద్దాయన ముయా తాత ఇంటికి పోయేది. కాళ్ల కడియాలు తీసి గుడ్డలో చుట్టి దూలం మీద పెట్టింది. పొద్దున పూట పిల్లను అమ్మలక్కల దగ్గర వదిలి, ఆనపకాయ బుర్రలో జావ పోసుకుని, పిల్లిలా నడిచి చేనికి తెచ్చేది.

"చెవి ఎట్లుంది?" అని గుసగుసగా అడిగేది.

"తగ్గింది" అనేవాడు ముసలయ్య.

అబద్ధం. చేను గుడిసె నిశ్శబ్దంలో ఆ కూత రెండింతలైంది. చుట్టూ ఏమీ వినిపించకపోతే ఆ ఒక్కటే వినిపిస్తుంది కదా! కానీ కడియాలు లేని ఆ బోసి కాళ్లు చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఆమె తగ్గిందనుకుని సంబరంగా ఇంటికి పోయి, ఇంకా ఏ చప్పుడు మిగిలిందా అని వెతికేది.

చివరికి మిగిలింది ఎర్రావు గంట.

ఆ ఊళ్లో పశువులను పొద్దున్నే అడవికి వదిలేస్తారు. ప్రతి ఇంటి ఆవు మెడలో ఒక కర్రగంట ఉంటుంది. టేకు దుంగను తొలిచి, లోపల రెండు పుల్లలు వేలాడదీస్తారు. ముప్పై ఏళ్లుగా ఆ గంటలన్నీ చెక్కేది దోర్ల ముయా తాతే. ఒకదాని గొంతు ఒకదానికి రాకుండా చెక్కుతాడు. ఆవు పొదల్లో కనబడకపోయినా, చెవి పెట్టి వింటే ఎవరి ఆవు ఎటుందో తెలిసిపోతుంది. సాయంత్రం మంద చేను గట్టు మీదుగా తిరిగొచ్చేటప్పుడు ముసలయ్య రెండు చేతులతో చెవులు మూసుకోవడం తిరుపతమ్మ చూసింది. అంతే, ఇంటికి పోయి తమ ఎర్రావు గంట విప్పి, కడియాల పక్కన దూలం మీద పెట్టింది. అక్కడ పుట్టి పెరిగిన మనిషి ఎవరూ చెయ్యని పని అది. మొగుడి మీది ప్రేమతో చేసింది.

ఎనిమిది రోజులు బాగానే గడిచాయి. ఇప్పపూలు రాలే కాలం వచ్చింది. పూల తీపికి పశువులు దూరం పోతాయి. తొమ్మిదో రోజు మంద వచ్చింది, ఎర్రావు రాలేదు.

తెల్లారగానే తిరుపతమ్మ పిల్లను వీపుకు కట్టుకుని చేనికి వచ్చింది.

"ఎర్రావు రాలే."

"గంట ఎటు దిక్కు వినవడ్డది?" అన్నాడు ముసలయ్య.

ఆమె నేల చూసింది. "గంట లేదు."

"ఊడిందా?"

"నేనే విప్పిన."

"ఏందే నువ్వనేది?"

"నీ చెవి కోసమేనయ్యా. నువ్వు చెవులు మూసుకుంటుంటే నా పానం ఆగలే."

ముసలయ్యకు కోపం రావాల్సింది, రాలేదు. బోసి కాళ్ల వైపు చూసి లేచి నిలబడ్డాడు.

ముయా తాత మాత్రం వదల్లేదు. గంట విప్పిన సంగతి వినగానే నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "మూగావును చేసి అడవికి తోలితివా బిడ్డా? ఇగ ఏట్లో చేపలకు కూడా ఒక్కో గుడ్డ చుట్టి రాపో, అవి ఎగిరితే చప్పుడైతది!"

"తప్పయింది తాతా. ఎతుకుదాం పా."

"ఎట్ల ఎతుకుతవ్? అది చప్పుడు చెయ్యకపోతే మనమే చెయ్యాలె. పాలు తాగని దూడను తోలుకో. ఆ గంట నీ మొగని చేతికియ్యి, ఊపుకుంట నడుస్తడు."

"ఆయన చెవి..."

"వాని చెవి వానికే ఉంది. దూడకు కడుపుంది గద."

తిరుపతమ్మ దూలం మీది గంట తెచ్చి, మొగుడి చేతిలో పెట్టలేక నిలబడింది. ముసలయ్యే లాక్కున్నాడు.

మొదటిసారి ఊపినప్పుడు భుజాలు బిగుసుకున్నాయి. డొక్... డొక్... ముయా తాత ముందు, వెనక ముసలయ్య, ఆ వెనక దూడతో తిరుపతమ్మ. దూడ ఆకలికి అంబా అంటోంది. వీపు మీద సుక్కి నిద్రపోతోంది. ఇప్పచెట్ల కింద వెతికారు, చిట్టడవిలో వెతికారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ముసలయ్య ఊపుతూనే ఉన్నాడు. ఎప్పుడు మోగుతుందో తన చేతికి ముందే తెలుసు. ముందే తెలిసిన చప్పుడు రాయిలా తగలడం లేదు. ఆ సంగతి అతను గమనించనే లేదు, ఆవు మీదే ధ్యాస.

అలా అలా శబరి బండల దగ్గరికి వచ్చారు. అక్కడ ఏరు రాళ్ల మీద నుంచి దూకుతుంది. హోరు. ముసలయ్య గంట ఊపడం ఆపేశాడు.

"ఏమాయె?" అంది తిరుపతమ్మ భయంగా. "నొస్తుందా? ఎనక్కి పోదామా?"

"లేదు."

"ఏంది లేదు?"

"కూత లేదే. చెవిలో కూత. నీళ్ల కింద మునిగిపోయింది."

ఆమెకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే సమయమూ లేదు, ఎందుకంటే అప్పుడే దూడ మళ్లీ అరిచింది, ఆ హోరులో నుంచి ఒక నీరసపు గొంతు బదులు పలికింది. ముయా తాతకు వినబడలేదు. తిరుపతమ్మకూ వినబడలేదు. చెవి పాడైపోయిందనుకున్న మనిషే చెయ్యి చాపాడు.

"అదిగో! ఆ నల్లబండ ఎనక!"

ఎర్రావు ముందుకాలు ఒకటి రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని నిలబడి ఉంది. రాత్రంతా అలాగే నిలబడి ఉంటుంది పాపం. ముసలయ్య నీళ్లలోకి దిగి, భుజం పెట్టి రాయిని కదిలించాడు. కాలు బయటికి వచ్చింది, తోలు లేచింది గానీ ఎముక బాగానే ఉంది. దూడ పరిగెత్తుకొచ్చి పొదుగు అందుకుంది. ముసలయ్య గంటను ఆవు మెడకు కట్టబోయాడు.

"వద్దయ్యా, కట్టకు!" తిరుపతమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇంటికాడనే కట్టేసి మేపుకుంట. గడ్డి నేనే కోసుకొస్త."

ఇక దాచలేకపోయాడు. "తిరుపతీ, చప్పుడు లేకుంటే నాకు తగ్గలే. ఎక్కువైంది."

"తగ్గింది, తగ్గింది అంటివి గద!"

"నువ్వు కడియాలు తీసి నడుస్తుంటే ఎట్ల చెప్పాలె?"

ఆమె ఏటి హోరును మించి అరిచింది. "నెలా పదిహేను దినాలు రోకలి మోసుకొని ఊరంత తిరిగితినే! నా భుజం చూడు, కాయ కాసింది! బంగారం లాంటి కుక్కను పంపితిని! నీ నోట్లో ఏం పెట్టుకున్నవయ్యా, చెప్పనీకి?"

ముసలయ్య చెవులు మూసుకోలేదు. తిట్లు ఎటు నుంచి వస్తున్నాయో కనిపిస్తూనే ఉన్నాయి. నవ్వాడు కూడా. ఆ నవ్వు చూసి ఆమె ఇంకా తిట్టింది, తిడుతూ తిడుతూ కళ్లు తుడుచుకుంది. తాత బండ మీద చతికిలబడి, "కానియ్యి బిడ్డా, ఇది కూడా మందే" అన్నాడు.

ఆ సాయంత్రం చాప తిరిగి ఇంటికొచ్చింది.

చెవి బాగైపోయిందని రాస్తే చదివేవాళ్లకు హాయిగా ఉంటుంది. బాగవలేదు. పేలిన బండ మళ్లీ అతుక్కోనట్టే అది కూడా. కానీ ఆ ఇంట్లో వాళ్లు కొన్ని పద్ధతులు పెట్టుకున్నారు. ఎర్రావును ముసలయ్య మంచం ఆనుకున్న తడిక అవతలే కట్టారు. అది నెమరేస్తూ మెడ కదిపినప్పుడల్లా గంట మెల్లగా డొక్కుమంటుంది, కూత దాని కింద అణిగి ఉంటుంది. రోకలి ఇంటికొచ్చింది. తిరుపతమ్మ రోకలి ఎత్తి, "దంచుతున్నా!" అని అరిచి, మొగుడు "ఊఁ" అన్నాకే పోటు వేస్తుంది. మొదట రోజుకు గిద్దెడు వడ్లు, తర్వాత సోలెడు. కడియాలు కూడా దూలం దిగాయి, ముందు ఒక కాలికి, వారం పోయాక రెండో కాలికి. కుక్క మాత్రం తమ్ముడి ఊళ్లో అలవాటై రానంది. వైశాఖంలో మేస్త్రీ మనిషి మళ్లీ బేగారికి పిలవడానికి వస్తే తిరుపతమ్మ రోకలితోనే వాకిట్లోకి వచ్చింది. "ఒక చెవి ఇచ్చినం. అది తెచ్చియ్యి, మనిషిని పంపుత" అంది. వాడు పక్కింటికి పోయాడు. పక్కింటామె కూడా రోకలి పట్టుకునే నిలబడి ఉంది.

మిగిలింది సుక్కి. పిల్ల ఏడవబోయే ముందు "ఏడుస్తున్నా!" అని చెప్పదు కదా.

ముయా తాత అరచేతిలో ఇమిడే బుల్లి గంట ఒకటి చెక్కి తెచ్చాడు. బూరుగుదూది ఉండ కూడా ఇచ్చాడు. "దూది పిల్ల ఏడ్చినప్పుడే పెట్టుకో మనవడా. దినమంతా పెట్టుకుంటివా, మళ్ల మిరపచేను గుడిసే!"

ఆ మధ్యాహ్నం తిరుపతమ్మ ఏటికి నీళ్లకు పోయింది. సుక్కి ఉయ్యాలలో లేచింది. కింది పెదవి వంకర తిరగడం ముసలయ్య చూశాడు. అదే పిల్ల చెప్పే కబురు, ఇన్నాళ్లూ పారిపోయే తొందరలో చూడలేదు. ఎడమ చెవిలో దూది పెట్టాడు. గంట చేతిలోకి తీసుకున్నాడు. పిల్లను ఎత్తి కుడి భుజం మీద వేసుకున్నాడు. గొంతు లేచింది. అతని మోకాళ్లు వాకిలి వైపు తిరిగాయి, ఆగాయి. డొక్, డొక్, డొక్. ఇంట్లో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు.

నీళ్లకుండతో తిరిగొచ్చిన తిరుపతమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది. పిల్ల ఏడుస్తూనే ఉంది. తండ్రి ముఖమంతా చెమట. కుండ దించి పిల్లను అందుకోబోయింది.

"ఉండనీ" అన్నాడు ముసలయ్య. "దీని గొంతు అచ్చం నీదే."