అల్లుడుగారి దారి

పొద్దున్నుంచి ఆ మందుల గోదాములో ఒక్క బిల్లూ తయారుకాలేదు. ఏ కంప్యూటర్ చూసినా ఒకటే ఎర్ర తెర, ఒకటే బెదిరింపు: మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, డబ్బు కడితేనే తీస్తాం. బయట లారీలు ఎండలో నిలిచిపోయాయి. ఆస్పత్రుల వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. చేత్తో రాద్దామంటే కార్బన్ కాగితం ఎలా ఉంటుందో కూడా అందరూ మర్చిపోయారు.

కంప్యూటర్లు చూసుకునే అతను సర్వరు గదిలో నేలమీద చతికిలబడి ఉన్నాడు. ఎవరు ఏ ఇబ్బంది చెప్పినా ముందు ఆపి మళ్లీ పెట్టమంటాడని ఆఫీసులో రీస్టార్టు బాబు అని పేరు పెట్టారు. ఇవాళ ఆ పేరుతో పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. నకళ్లు దాచిన డిస్కు కూడా అదే సర్వరుకు తగిలించి ఉండటంతో దానికీ తాళం పడింది. విడిగా ఇంకొకటి కొనమని అడిగి అడిగి అతని నోరు నొప్పెట్టింది.

మనిషికో పాస్‌వర్డు పెడదామనీ అడిగాడు. "మనమంతా ఒకటే ఇల్లు. ఇంట్లో గదికో తాళమేంటయ్యా?" అని యజమాని పెద్దాయన నవ్వేశాడు. అప్పట్నుంచి అందరూ ఆయన పాస్‌వర్డుతోనే పని చేస్తున్నారు. ఏం ఇల్లో! జీతం పెంచమన్నప్పుడు మాత్రం ఎవరి ఇల్లు వాళ్లదే.

పోయిన నెల పెద్దాయన అల్లుడుగారికి ఇంటినుంచే లెక్కలు చూసుకోవాలనిపించింది. కాపలా ప్రోగ్రాం అడ్డుపడి ఆలస్యమవుతోందని విసుక్కుని, దాన్ని తీసేసి దారి తెరవమన్నాడు. ఆ మాటే రాసివ్వమంటే ఉరిమి చూశాడు. పిల్లల బడి ఫీజులు కళ్లముందు మెదిలి, రీస్టార్టు బాబు నోరు మూసుకుని ఆ దారి తెరిచాడు. దొంగలు ఆ దారినే వచ్చారు. ఇవాళ పొద్దున వాళ్ల ఆనవాళ్లు దొరకగానే పెద్దాయనకు చూపించాడు కూడా.

ఇది మన మధ్యే ఉండనీ అన్నాడు పెద్దాయన. సిబ్బందిలో ఎవరిదైనా పొరపాటైతే బీమా వాళ్లు నష్టం కడతారు. యాజమాన్యమే కాపలా తీయించిందంటే పైసా రాలదు. కాబట్టి పొరపాటు చేసిన మనిషి ఒకరు కావాలి.

బిల్లుల అక్క దొరికింది. ఆ వారంలోనే ఏదో తెలియని మెయిలు తెరిచానని తనే ఏడుస్తూ చెప్పుకుంది. ఒప్పుకుంటే పనిలోంచి తీసేస్తాను గానీ కేసు పెట్టనని పెద్దాయన ఎంతో దయగా చెప్పాడు. ఆమె తల్లికి రోజూ వేసే ఇన్సులిన్ ఇక్కడైతే కొన్న ధరకే ఇస్తారు. పని పోతే అదీ పోతుంది.

మధ్యాహ్నం బీమా ఆయన వచ్చి పెద్దాయన గదిలో అల్లుడుగారి పక్కన కూర్చున్నాడు. అక్కనీ రీస్టార్టు బాబునీ లోపలికి పిలిచారు.

"నా వల్లేనండీ," అంది అక్క. "నా వేలే తగిలింది."

ఆమె అబద్ధం ఆడటం లేదు. నిజంగానే నమ్ముతోంది. ఆ మెయిలు దుప్పట్ల దుకాణం వాళ్ల ప్రకటనని రీస్టార్టు బాబుకు తెలుసు.

"అంతే కదయ్యా?" అన్నాడు పెద్దాయన అతనివైపు తిరిగి. తలూపితే చాలు.

"కాదండీ. అక్క వల్ల కాదు. కాపలా తీసేసి ఉంది."

"ఎవరు తీశారు?" అన్నాడు బీమా ఆయన.

"నేనే. అల్లుడుగారు తియ్యమంటే తీశాను."

నేనెప్పుడన్నాను, రాసిచ్చానా అని అల్లుడుగారు తాపీగా అడిగాడు. రీస్టార్టు బాబుకు దొరికిన ఆనవాళ్లలో చూస్తే ఆ పని చేసిన పేరు పెద్దాయనది. ఆ పాస్‌వర్డు ఆఫీసంతా వాడేదేనని ఆయనే చెప్పి నవ్వాడు.

బీమా ఆయన "నేనే" అన్నంతవరకు రాసుకుని కలం మూత పెట్టాడు. మిగతాది కూడా రాయమని రీస్టార్టు బాబు బతిమాలాడు. రుజువు లేని మాట రాయలేననీ, సిబ్బంది పొరపాటని తేలింది, తమకది చాలనీ అన్నాడు ఆయన. అక్కను పనిలోకి పొమ్మని, అతన్ని రేపట్నుంచి రావద్దన్నాడు పెద్దాయన.

అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని వసారాలోకి వచ్చేసరికి అక్క అక్కడే నిలబడి ఉంది. అతని చెయ్యి పట్టుకుంది.

"నేను చేసినదాన్ని నీ నెత్తినేసుకున్నావు బాబూ. నీ పిల్లల గతేంటి?"

"నువ్వు చెయ్యలేదక్కా. నిజంగా చెయ్యలేదు."

సరేలే, సరేలే అని ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆమె నమ్మలేదు.