చెవి వెనక వాపు

“మా కోడలు హాస్పిటల్లో చేస్తుంది,” అని అత్తయ్య హాల్లో మా ఆయన ఆఫీసు పెద్దసారుకి చెబుతోంది. వంటింట్లో టీ వడగడుతున్న నాకు, ఆ కోడలెవరో గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

నేను చేసేది పశువుల పరిశోధన కేంద్రంలో, పందుల దగ్గర. క్షయ క్రిమి లోపలికి దూరితే వాటి ఒళ్లు దాంతో ఎలా పోరాడుతుందో చూడటం నా ఉద్యోగం. చెవి వెనక సన్న సూదితో ఒక చుక్క మందు ఎక్కిస్తాం. ఆ క్రిమితో తలపడిన ఒళ్లయితే, రెండు రోజుల్లో అక్కడ ఎర్రగా ఉబ్బుతుంది. “పందులు అనకు, పరువు పోతుంది,” అన్నాడు మా ఆయన పెళ్లికి ముందే. అదేం పెద్ద విషయమని సరేనన్నాను. ఇంటికి రాగానే వెనక బాత్‌రూములో తల రుద్దుకుని, అదే చేత్తో అందరికీ వండుతాను. వాసన గడప బయట ఆగిపోవాలి. చాకిరీకి మాత్రం ఏ అడ్డూ లేదు.

ఇవాళ పొద్దున ఒక పంది చెవి నున్నగా కనబడింది. “దీనికేం కాలేదు మేడం!” అని గంతేశాను. మా డాక్టరమ్మ నవ్వలేదు. “డొక్కలు చూశావా? జబ్బు బాగా ముదిరినా వాపు రాదు. పోరాడి పోరాడి ఒళ్లు చేతులెత్తేస్తుంది. ఇక ఎంత గుచ్చినా ఉలకదు.”

ట్రే పట్టుకుని హాల్లోకి వెళ్లాను.

“ఏ డిపార్ట్‌మెంటమ్మా?” అన్నారు పెద్దసారు.

“ఛాతీ జబ్బులు సార్,” అన్నాడు మా ఆయన, నేను నోరు తెరిచేలోపే. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. “చక్కెర ఏదే? చదువెక్కువై బుర్రలో చోటు లేదు సార్ దీనికి.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికంటే ముందు.

“ఎన్నన్నా చీమ కుట్టినట్టయినా ఉండదండీ,” అంది అత్తయ్య మురిపెంగా. “బంగారం మా కోడలు.”

చీమ కుట్టినట్టయినా.

ట్రే చేతిలోనే ఉండిపోయింది. నున్నటి ఆ చెవి కళ్లముందు కదిలింది. నా బతుకుతెరువు పేరు నా ఇంట్లోనే బూతుమాటలా దాచానే అనిపించింది. చెవుల వెనక వేడి పాకింది. సిగ్గు. పెద్దసారు ముందు కాదు, పొద్దున నేను గంతేసిన ఆ బక్క పంది ముందు. తల ఎత్తలేనంత సిగ్గు. అయినా ఆ వేడి వచ్చింది కదా, ఇంకా వస్తోంది కదా అని లోపల ఎక్కడో చిన్న ఊరట.

“హాస్పిటల్ కాదు సార్, పందుల దగ్గర చేస్తాను,” అని ట్రే బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. “చక్కెర ఈయన తెస్తారు.”