వదినగారికి ఏడు లైన్లు

బెండకాయలు ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తుంటే ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని విల్లు చదవడం మొదలుపెట్టారు. రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాసే దేవుళ్లు గారు టైపు చేసిచ్చిన కాపీలు రెండు. ఆయనదొకటి, నాదొకటి. పిల్లల్లేని వాళ్లం. ఆయన ముందు పోతే గొలుగొండ దగ్గరి జీడితోట నాకు, నేను ముందు పోతే నా పేరున ఉన్న ఈ ఇల్లు ఆయనకు. రెండూ అచ్చు ఒకేలా ఉండాలని ఆయన పట్టుదల.

"నన్ను కన్నబిడ్డలా పెంచి, తాను పస్తులుండి నాకు అన్నం పెట్టి, తల్లి తరువాత తల్లి అయిన నా వదినగారు పుష్పవతి గారికి..." అని చదువుతుంటే ఆయన గొంతు వణికింది. మొత్తం ఏడు లైన్లు, లెక్కపెట్టాను. చివర్లో, మా ఇంటి వెనక గదిలో ఆవిడ బతికినన్నాళ్లూ ఉండవచ్చునని. మరి నేను? "నా భార్య సాయిలక్ష్మి, వయస్సు 49 సంవత్సరాలు, వృత్తి ఉపాధ్యాయిని." అంతే.

పైగా దేవుళ్లు గారు ఆయన విల్లునే కాపీ చేసి పేర్లు మార్చారేమో, నా విల్లులోనూ అవే ఏడు లైన్లున్నాయి. నన్ను కన్నబిడ్డలా పెంచిందట ఆవిడ! చూపిస్తే ఆయన నవ్వేశారు. "ఏటైపోద్ది, ఉండనీ. గది నీ ఇంట్లోది కదా, నీ విల్లులోనూ ఉండాలి." గది నాది, మంచితనం ఆయనది. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో ఎన్నిసార్లు విన్నానో. "మా వొదినైతే నాలుగింటికే లేచేది." "మా వొదిన చేతి పులుసే పులుసు." స్కూలు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా ఆయనకు టీ పెట్టిన రోజున, "మా వొదిన అడక్కుండానే అల్లం వేసేది" అన్నారు. చదువురాని ఆ మనిషి మీద, మెడలో పూసల దండ తప్ప ఏమీ లేని ఆ మనిషి మీద నాకు కుళ్లు. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజం. నా గురించి ఒక్క లైను, ఒక్కటంటే ఒక్కటి, ఆయన గొంతు వణికేలా రాయించి ఉంటే చాలనిపించింది.

ఆదివారం ఆవిడే వచ్చింది, కృష్ణదేవిపేటలో తమ్ముడింటి నుంచి, షేరాటోలో. ఆయన బజారుకెళ్లారు. అక్కసు ఆపుకోలేక కాగితం తీశాను. "అక్కా, మీ మరిది మీ గురించి ఏం రాయించారో వినండి" అని ఏడు లైన్లూ చదివాను. మురిసిపోతుందనుకున్నాను.

"సచ్చిపోయాకా సెప్తాడేటి నాకీ మాటలు?" అంది. "ఒక్కపాలి కూడా నోటితో అన్లేదే. అన్నం తిని సెయ్యి కడుక్కుని ఎల్లిపోయేవోడు."

కాగితం మడిచేశాను.

"గది నాకెందుకు సెల్లీ? తోట సంగతేటి రాసాడు?"

తోట నాకే రాశారని చెప్పాను.

"అందులో సగం మీ బావగారిదే కదా. ఆయన పోయిన పదకొండోనాడు మీ ఆయన ఏదో కాయితం తెచ్చాడు. ఏలిముద్ర ఏసేసినాను. పెంచినోణ్ణి ఏటని అడుగుతాం?" కోపం లేకుండానే అంది. తోటలో తన వాటా ఆవిడే వద్దందని కదా ఆయన ఇన్నాళ్లూ నాతో చెప్పింది! ఏడు లైన్లూ ఎందుకంత తీయగా ఉన్నాయో అప్పుడు తెలిసింది. ఆ తీపి మాటునే రేపు ఆవిడ సగం కూడా నా చేతికి వస్తుంది.

సోమవారం స్కూలుకు సెలవు పెట్టి ఆయనతో దేవుళ్లు గారి దగ్గరికెళ్లాను. నా విల్లులో ఆ పేరా తీసేయమన్నాను, గదితో సహా. దాని స్థానంలో ఒక్క లైను చెప్పాను: జీడితోట నాకు సంక్రమిస్తే అందులో సగం పుష్పవతి గారికే చెందాలి.

దేవుళ్లు గారి వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. "రెండు విల్లులూ కలవ్వండి, అమ్మగారూ."

"నీకేటైనా పిచ్చా?" అన్నారు ఆయన గొంతు తగ్గించి. "వొదినే వద్దంది."

"చదవలేని మనిషి వేలిముద్రతో ఏం వద్దందో మీకెలా తెలిసింది? మీరుండగానే ఆవిడ సగం ఆవిడకి రాసిచ్చేయండి. అప్పుడీ లైనే అక్కర్లేదు."

ఆయన బయట రోడ్డు వైపు తిరిగారు. "వొదిన మీద నీకింత ప్రేమ ఎప్పట్నుంచి?" అన్నారు.

"ప్రేమా? ఇప్పటికీ ఆవిడ్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నా ఇంట్లో ఒక్కరోజు కూడా ఉండనివ్వను. కానీ ఆ తోటలో సగం ఆవిడది" అని, నా కాపీలో ఆ ఏడు లైన్లూ కొట్టేయడానికి పెన్ను తీసుకున్నాను.