నడుమెత్తు పొయ్యి

అమ్మాయమ్మ చేటలో బియ్యం చెరుగుతూండగా, పదినెలల కొడుకు రాములు గోడవార ఉన్న బుట్ట పట్టుకుని లేచి నిలబడ్డాడు. మోకాళ్లు వణుకుతున్నా పట్టు వదల్లేదు. తన ఘనకార్యానికి తనే కిలకిలా నవ్వుకున్నాడు.

"ఓలమ్మో, నిలబడిపోనాడే నా తండ్రి!" అంటూ అత్త బాలమ్మ మెటికలు విరిచింది. "అప్పాలొండి లైనంతా పంచాల."

అమ్మాయమ్మ నవ్వలేకపోయింది. ఆమె కళ్లు పొయ్యి మీదికి పోయాయి. నేలమీద మూడు రాళ్లు, వాటిమీద ఎసరు మరుగుతున్న కుండ. నిలబడ్డ పిల్లవాడి చెయ్యి సరిగ్గా దాని అంచుకి అందుతుంది.

మూడేళ్ల కిందట, 1908 కోతల కాలంలో, తన కూతురు తులసి కూడా ఇలాగే నిలబడింది. నిన్నటిదాకా పాకిన పిల్ల ఇవాళ నిలబడుతుందని ఎవరనుకుంటారు? నిలబడ్డానికి ఆ చిట్టిచేతులు పట్టుకున్నది అప్పుడే వార్చిన గంజికుండని. తొమ్మిది రోజులు బతికింది. సముద్రాల అవతలి దీవిలో, మాంటాన్ బ్లాంష్ అనే ఊరి దగ్గరి ఆ చెరకుతోట కూలీల ఇళ్ల లైనులో ప్రతి ఇంటివాళ్లూ వచ్చి చూసి వెళ్లారు. "తల్లికి కళ్లుండొద్దా?" అంది అత్త. "పిల్లను చూసుకోడం చేతకాని ఆడదాన్ని నాకు కట్టబెట్టారు," అన్నాడు భర్త జగ్గయ్య, వచ్చిన ప్రతివాళ్లతోనూ. అమ్మాయమ్మ తలవంచుకుని విన్నది. కోడి కూయకముందు లేచి నీళ్లు మోసి, పొద్దంతా చెరకుతోటలో కలుపు తీసి, ఆవుకి గడ్డి కోసి, పుల్లలేరి, వచ్చి పొయ్యి ముట్టించే మనిషికి కళ్లు రెండే ఉంటాయని ఆమె అనలేదు. అనాలని కూడా అప్పుడు తోచలేదు. చూపు ఎటు తిప్పినా అది వేరేచోట ఉండాల్సిన చూపేననిపించేది.

సాయంత్రం జగ్గయ్య రాగానే అడిగింది. "పొయ్యి ఎత్తుగా కడదాం. నా నడుమంత. పిల్లోడు నిలబడుతున్నాడు."

"నిలబడి వండుకోడానికి నువ్వేమన్నా దొరసానివేటి? లైనంతా నవ్వుతారు. పిల్లోడి మీద కన్నేసి ఉంచు, చాలు."

ఆమె మళ్లీ అడగలేదు. మర్నాటి నుంచి గడ్డిమోపు లోపల ఒక రాయి పెట్టి తెచ్చేది. తోటలో ఏరి గుట్టలుగా పోసిన నల్లరాళ్లు కావలసినన్ని ఉన్నాయి. బరువుకి మెడ పట్టేసేది. పెరట్లో దింపి, ఏమీ ఎరగనట్టు వంటకి కూచునేది. అన్నాళ్లూ పిల్లవాణ్ణి వీపున కట్టుకునే వండింది. వాడు దిగుతానని గింజుకుని ఏడ్చేవాడు.

చాలినన్ని పోగయ్యాక ఒక ఆదివారం పొద్దున బురద కలిపి రాళ్లు పేర్చసాగింది. వరస మోకాలెత్తు వచ్చేసరికి జగ్గయ్య వచ్చాడు.

"వద్దన్నానా లేదా?" అంటూ పైరాయిని కాలితో తన్నాడు. అది దొర్లిపోయింది.

అమ్మాయమ్మ వెళ్లి ఆ రాయి తెచ్చి దాని చోట దాన్ని పెట్టింది. చేతుల బురద చీరకి తుడుచుకుంది.

"ఆవేళ నేను కుండ దగ్గర్నించి ఎందుకు లేచానో నీకు తెలుసు. కాళ్లమీద నీళ్లు పొయ్యమని వాకిట్లోంచి కేకేశావు. నీళ్లబాన నీ పక్కనే ఉంది."

జగ్గయ్య తల్లి వైపు చూశాడు, ఆమె ఏమైనా అంటుందని. ఆమె తల తిప్పుకునేసరికి భుజాన తువ్వాలు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

బాలమ్మ గడప దిగి వచ్చి బురద దగ్గర చతికిలబడింది. రెండు చేతులూ ముంచి కలపసాగింది.

"నా పెద్దదాని పేరు పార్వతి," అంది.

ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎన్నడూ పలకలేదు. అమ్మాయమ్మ చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది.

"ఏటైంది అత్తా?"

"తులసికయిందే. నీ మావ ఎవరితోటీ అనొద్దన్నాడు. నా తప్పే కదా అని నేనూ అన్లేదు." ముసలామె మొహం ఎత్తలేదు. "నీ మీదా అదే మాట పడేశాను."

అమ్మాయమ్మకి కోపం రావలసింది. రాలేదు. అత్త పక్కనే కూలబడి, బురద చేతులతోనే ఏడ్చింది.

పొద్దువాలే వేళకి పొయ్యి నడుమెత్తు లేచింది. చూడ్డానికి లైనులో ఆడవాళ్లు వచ్చారు. నవ్వుతారని జగ్గయ్య అన్నాడు గాని ఎవరూ నవ్వలేదు. పక్కింటి నాగమ్మ తడి రాళ్లని చేత్తో తడిమి, తన పిల్లవాడు నడక నేర్చిన నెలలోనే కాలవలో పడి పోయాడని చెప్పింది. ఇంకొకామె చంకలోని పిల్ల చొక్కా పైకెత్తి కాలి ముడుచుకుపోయిన చర్మం చూపించింది.

ఆ లైను మొత్తంలో పిల్లని కాపాడుకోలేని తల్లి తానొక్కతేనని అమ్మాయమ్మ మూడేళ్లుగా నమ్ముతూ వచ్చింది.