చెవి గువాన్ గారి మూగ కీచురాయి

గువాన్ దెహాయ్ కోటు లోపలి జేబులో కీచురాయి చెవులు చిల్లులు పడేలా పాడుతోంది. టీవీ పక్కింటివాళ్లకి కూడా వినపడేంత పెద్దగా మోగుతోంది, అయినా ఆ పురుగు రొదలో సూయున్‌కి వార్తలు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఆమె తండ్రి గువాన్ మాత్రం నూడుల్స్ గిన్నెలో వేయించిన సోయా ముద్ద కలుపుకుంటూ, ఈ ఏడాది పురుగుల కొట్టు చాంగ్ గాడు తనకి మూగ పురుగును అంటగట్టాడని తిట్టిపోస్తున్నాడు.

"తెచ్చినప్పటి నుంచి గుండెల మీద పెట్టుకుని వెచ్చగా చూసుకుంటున్నాను. క్యారట్ ముక్క, ఉడికించిన సోయా గింజ, దేనికీ లోటు చేయలేదు. ఒక్కసారి రెక్క విదిలిస్తే ఒట్టు" అన్నాడాయన.

సూయున్ ఆయన కోటు వైపు చూసింది. ఇంకాస్త దోసకాయ తరుగు ఆయన గిన్నెలో వేసింది.

ఆమెకి ఇది కొత్త కాదు. మీకు వినపడటం లేదన్న మాట కొన్నేళ్లుగా నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది. ఆయన దగ్గర ప్రతిదానికీ జవాబు సిద్ధంగా ఉంటుంది. టీవీ శబ్దం తగ్గించమంటే, ఈ కాలం నటులకి మాట నోట్లోంచి బయటికి రాదంటాడు. తలుపు గంట ఎన్నిసార్లు కొట్టినా తీయలేదేమంటే, ఆ గంట నాసిరకం సరుకు అంటాడు. ఫోన్లో లైను ఎప్పుడూ బాగుండదు. మనవరాలు మాటలు మింగేస్తుంది. ఒకసారి సూయున్ ఆసుపత్రి నుంచి చెవి మిషన్ల కాగితం ఒకటి తెచ్చి ఆయన కంట పడేలా బల్ల మీద పెట్టింది. మర్నాడు చూస్తే అది టీ కెటిల్ కింద ఉంది, బల్లకి మరక పడకుండా.

వేరే ఏది పోయినా ఆయన ఒప్పుకునేవాడే. పళ్లు ఎప్పుడో పోయాయి, వాటి మీద ఆయనే జోకులు వేస్తాడు. మోకాళ్లని పేరు పెట్టి మరీ తిడతాడు. చెవులు వేరు. బీజింగ్ దక్షిణాన పిట్టల్నీ, పాడే పురుగుల్నీ అమ్మే సంతలో ఆయన్ని దెహాయ్ అని పిలిచేవాడు లేడు, చెవి గువాన్ అంటారు. చలికాలం ఆదివారాల్లో పురుగుల పిచ్చి ఉన్న ముసలాళ్లంతా చాంగ్ కొట్టు ముందు, బొగ్గుల పొయ్యి చుట్టూ చేరతారు. ఒక్కొక్కరే కోటు లోంచి చిన్న సొరబుర్ర తీసి మూత వదులు చేస్తారు. లోపలి కీచురాయి ఎండాకాలం వచ్చిందనుకుని పాడుతుంది. అందరూ కళ్లు మూసుకుని వింటారు. చివరికి చెవి గువాన్ ఏమంటాడా అని చూస్తారు. ఆయన బాగుందంటే ఆ పురుగు యజమాని వారం రోజులు నేల మీద నడవడు.

ఆయనకి ఒక్కటే గిట్టదు, చుక్క. కొందరు తేనెమైనం, దేవదారు బంక కలిపి కాచి, సూది మొనంత చుక్క కీచురాయి రెక్క మీద పెడతారు, పసిపిల్లకి దిష్టిచుక్క పెట్టినట్టు. దాంతో రెక్క బరువెక్కి గొంతు కిందికి దిగుతుంది, బొంగురుగా, నిండుగా మోగుతుంది. అలాంటి పురుగును ఎవరైనా తెస్తే గువాన్ మొహం మీదే అనేస్తాడు, పెళ్లికూతురికి రంగు పూసి తెచ్చావా అని. ఆయన పురుగులన్నీ పుట్టుకతో వచ్చిన గొంతువే. అదీ ఆయన గర్వం.

అలాంటి మనిషి ఇప్పుడు గిన్నె పక్కకి నెట్టి, ఆదివారం సంతలో అందరి ముందూ ఈ బుర్రని చాంగ్ కొట్టు మీద పెట్టి, వాడు మోసగాడని చెప్పి వచ్చేస్తానన్నాడు. ఇక జన్మలో ఆ కొట్టు మెట్టు ఎక్కనన్నాడు.

చాంగ్, గువాన్ ఒకే సందులో పెరిగారు, ఒకే యంత్రాల కర్మాగారంలో పని చేశారు. అమ్మ పోయిన ఏడాది నాన్న అన్నం తిన్నాడంటే చాంగ్ బాబాయ్ వచ్చి ఎదురుగా కూర్చున్నందువల్లే. ఇప్పుడు నాన్న అంత మంది ముందు గొంతు చించుకుని పాడే పురుగును చూపించి మూగదని అరుస్తాడు. స్నేహితుడూ పోతాడు, పేరూ పోతుంది. ఇంక ఆదివారాలు ఈ మనిషి ఎక్కడికి వెళతాడు?

శనివారం పొద్దున్నే ఆమె చాంగ్ ఇంటికి వెళ్లింది. గది నిండా మట్టికుండలు, ఆవిరి, పురుగుల రొద. చాంగ్ బాబాయ్ నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నాన్నకి ఇంకో పురుగు ఇచ్చి ఎలాగైనా గండం గట్టెక్కించమని ఆమె బతిమాలింది. ఆయన కళ్లద్దాలు తీసి చూపించాడు. శరదృతువులో కంట్లో పొర తీయించుకున్నాడట, సన్నపని చేయొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట.

"అందుకే ఈసారి మీ నాన్న పురుక్కి చుక్క పెట్టలేకపోయాను" అన్నాడు.

సూయున్‌కి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"అంటే ఇన్నాళ్లూ..."

"పురుగుల సన్నగొంతు మీ నాన్నకి ఎప్పుడో వినపడటం మానేసింది అమ్మాయ్. ఒక ఏడాది ఇలాగే బుర్ర చెవి దగ్గర పెట్టుకుని బిక్కమొహం వేశాడు. చూడలేకపోయాను. అప్పట్నుంచి చుక్క పెట్టి, గొంతు దించి, వాడికి వినపడేలా చేసి ఇస్తున్నాను. పుట్టుకతో వచ్చిన గొంతంటే ఇదీ అని వాడు సంతంతా తిరిగి చెబుతుంటే నేను ఇటు తిరిగి కూర్చునేవాణ్ని."

ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. అయితే మీరే చెప్పండి బాబాయ్, స్నేహితులు కదా అంది. నువ్వే చెప్పు, కూతురివి కదా అన్నాడాయన. ఇలా ఒకరి మీద ఒకరు తోసుకుంటూ రెండు గ్లాసుల టీ తాగారు. చివరికి ఆయన ఆమె చేతిలో రెండు నువ్వుల రొట్టెలు పెట్టి, వేడిగా ఉన్నప్పుడు తినిపిస్తే మీ నాన్న కాస్త మెత్తబడతాడని చెప్పి పంపాడు. చుక్క సంగతి మాత్రం నేనే చెప్పుకుంటాను, నువ్వు ఎత్తకు అన్నాడు.

రొట్టెలు తినిపించింది. ఆయన ఏమీ మెత్తబడలేదు. రేపటికి చాంగ్ మీద విసరాల్సిన మాటలు వరస పెట్టుకుంటున్నాడు. సూయున్ టీవీ ఆపేసి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. ఉద్యోగంలో పదిమందిని గడగడలాడించే మనిషి, కన్నతండ్రి ముందు చిన్నపిల్లయిపోయింది.

"నాన్నా, పురుగు పాడుతోంది" అంది, ఆయన పెదాలు చూడగలిగేలా నెమ్మదిగా.

"ఏ పురుగు?"

"మీ జేబులోది. పొద్దున్నుంచి ఆపకుండా పాడుతోంది. తెచ్చిన రోజు నుంచీ అంతే."

ఆయన నవ్వాడు, కూతురు వెక్కిరిస్తోందనుకుని. ఆమె నవ్వలేదు. లేచి ఆయన కోటులోంచి బుర్ర తీసి, ఆయన చూపుడువేలు పట్టుకుని మూత మీద పెట్టింది. ఏనుగు దంతం రంగు మూత సన్నగా అదురుతోంది. కాసేపు ఆగుతోంది, మళ్లీ అదురుతోంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పురుగులతో బతికిన మనిషికి ఆ అదురు ఏమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆయన వేలు తీయలేదు. మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, ఎటు పెట్టుకోవాలో తెలియనట్టు.

"మీకు వినపడటం లేదు నాన్నా. ఎప్పుడో చెప్పాల్సింది. మీకు కోపం వస్తుందని కాదు, బాధపడతారని చెప్పలేకపోయాను."

ఆయన అడిగింది ఒకటే. చాంగ్‌కి తెలుసా?

తెలుసని తల ఊపింది.

అరుస్తాడనుకుంది ఆమె. ఆయన అరవలేదు. బుర్ర ఆమె చెవి దగ్గరికి జరిపి, ఎలా పాడుతోందో చెప్పమన్నాడు. గట్టిగా పాడుతోంది అంది. ఆయనకి ఒళ్లు మండింది. గట్టిగా అంటే? రిక్షా హారన్ కూడా గట్టిగానే మోగుతుంది. పొడిగా ఉందా, తడిగా ఉందా? చివర సాగదీస్తోందా, తుంచేస్తోందా? యాభై ఏళ్లొచ్చాయి, చెవి గువాన్ కూతురివి, గట్టిగా అట. సూయున్ కళ్లు మూసుకుని మళ్లీ విన్నది. చివర సాగదీస్తోంది, మళ్లీ ఎత్తుకునే ముందు కాస్త ఊపిరి తీసుకుంటోంది అంది. ఆయన తల పంకించాడు. పర్లేదు, మంచి పురుగే ఇచ్చాడు వెధవ అన్నాడు. ఆ మాటతో ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం ఆయన సంతకి వెళ్లడనుకుంది. తెల్లారేసరికి గడ్డం గీసుకుని, కోటు బొత్తాలు పెట్టుకుని, బూట్లు ఎక్కడంటూ సిద్ధమయ్యాడు. ఆమె కూడా వెంట వెళ్లింది.

పొయ్యి చుట్టూ అప్పటికే అందరూ చేరారు. అందరిలోకీ పెద్దవాడు ఫెంగ్ తన బుర్ర మూత తీశాడు. లోపలి పురుగు కీచుమంటుంటే అందరూ కళ్లు మూసుకుని తలలాడించారు. ఆహా అన్నాడొకడు. ఏం గొంతు అన్నాడు ఇంకొకడు. తర్వాత అలవాటుగా అందరూ గువాన్ వైపు తిరిగారు. కొట్టులో చాంగ్ నల్లకళ్లద్దాల వెనక బిగుసుకుపోయాడు.

గువాన్ ఏదో అన్నాడు. జన్మలో మొదటిసారి ఆయన మెల్లగా మాట్లాడాడు. ఎవరికీ వినపడలేదు. ఏమన్నావ్ అని ఫెంగ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. గువాన్ కూతురి వైపు చూశాడు, నువ్వు చెప్పు అన్నట్టు. ఈ ఒక్కటీ మీరే చెప్పాలి నాన్నా అన్నట్టు ఆమె కదలకుండా నిలబడింది.

"నాకు వినపడదు అన్నాను" అని ఆయన అరిచాడు. పక్క వరసలో పంజరాల్లోని పిట్టలు కూడా ఒక్క క్షణం నోరు మూశాయి. "నీ పురుగు పాడుతోందో ఏడుస్తోందో నాకు తెలియదు. నా పురుగు పాటా నాకు తెలియదు. ఈ చలికాలమంతా బొగ్గుల చిటపటలో మీ పాటలు కలిసిపోతున్నాయనుకుని ఊరికే బాగుందన్నాను. నా చెవులు పోయాయి."

సూయున్‌కి నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. అప్పుడు ఫెంగ్ గొంతు సవరించుకున్నాడు. నిజం చెప్పాలంటే తనకీ ఈ చలికాలం మొదటి నుంచి ఒక్క పురుగూ వినపడలేదన్నాడు. నువ్వేమంటావోనని భయపడి తల ఊపానన్నాడు. ఆహా అన్నవాడు నేల చూపులు చూశాడు. నీకూనా అని ఇంకొకడు వాడి భుజం పట్టుకున్నాడు. చూస్తుండగానే పొయ్యి చుట్టూ ఉన్న మనిషి మనిషీ ఒప్పేసుకున్నాడు. చలి మొదలైనప్పటి నుంచి ఈ పెద్దమనుషులంతా వినపడని పాటలకి ఒకరినొకరు మెచ్చుకుంటూ, పక్కవాడికి వినపడుతోందని కుళ్లుకుంటూ కూర్చున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఆ నవ్వు మాత్రం కాసేపటి దాకా ఆగలేదు.

చాంగ్ నవ్వలేదు. కొట్టు దిగి వచ్చి, కిందటేడు దాకా మీ అందరి పురుగులకీ చుక్క పెట్టింది నేనేనన్నాడు. ఈ ఏడాది నా కళ్లు బాగాలేక పెట్టలేదన్నాడు. గువాన్ మొహం ఎర్రబడింది.

"నాకు కూడానా?"

"ముందు నీకే పెట్టాను."

"చుక్క పెట్టిన పురుగుని పట్టుకుని నేను సంతంతా ఊరేగానా? ఒక్క మాట చెప్పి చావొచ్చు కదరా."

"చెబితే నువ్వు రావడం మానేస్తావు" అన్నాడు చాంగ్, స్నేహితుడికి వినపడేలా, దగ్గరికి వచ్చి గట్టిగా. "నువ్వు రాకపోతే ఈ పురుగుల్ని నేను ఎవరి కోసం పెంచాలిరా?"

గువాన్ వరస పెట్టుకున్న తిట్లన్నీ పక్కన పెట్టాడు. వెళ్లి పొయ్యి పక్కన తన చోట కూర్చున్నాడు. అందరి బుర్రలూ కూతురి చేతికి ఇవ్వమన్నాడు, ఈవేళ్టికి తీర్పు అమ్మాయిదే అన్నాడు. రేపు చెవుల డాక్టరు దగ్గరికి పోతున్నానని, రాగలిగినవాడు రావచ్చనీ చెప్పాడు. ఫెంగ్ అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

"నువ్వు కూడా రా" అన్నాడు చాంగ్‌తో.

"నా చెవులకేం రోగం? నాకు చీమ నడిచినా వినపడుతుంది."

"నీ చెవుల కోసం కాదు. నా పక్కన కూర్చోవడానికి" అన్నాడు గువాన్. "నాకు భయంగా ఉందిరా."

చాంగ్ అటు తిరిగి, రేపు సోమవారం కొట్టు తెరవనని కొట్ల వరస చివరిదాకా వినపడేలా అరిచాడు.