జంతువులతో అనుభవం: లేదు

ఫారం మీద ఏడో ప్రశ్న: జంతువులతో అనుభవం ఉందా? సాగర్ 'లేదు' అని రాశాడు.

గౌలిపురలో మూడు తరాలుగా పాలు పిండే ఇంట్లో పుట్టినవాడు రాసిన మాట అది. వాడు నడక నేర్చిందే బర్రె తోక పట్టుకుని. బడిలో వాడి పక్కన ఒక్కడూ కూర్చోలేదు. పేడ కంపు. దేశం కోసం సైన్యంలో చేరానని అందరికీ చెప్పాడు గానీ, సగం ఆ కంపు వదిలించుకోవడానికే చేరాడు.

శిక్షణ అయిపోయింది. ఎవడికి ఏ పని చేతనవుతుందో తేల్చే పరీక్షలు మూడు రోజులుగా నడుస్తున్నాయి. మార్కులను బట్టి ఒకడు వంటకు పోతాడు, ఒకడు వైర్‌లెస్‌కు, ఒకడు లారీకి. పశువులు తెలిసినవాణ్ని కొండల్లో సామాను మోసే కంచరగాడిదల దగ్గరికి తోలుతారు. సాగర్‌కు లారీ కావాలి. స్టీరింగు, అద్దం, డీజిల్ వాసన.

పరీక్ష పెట్టేది సుబేదార్ కృపాకర్, సైదాబాద్ మనిషి. నవ్వడం ఆయన డ్యూటీలో లేదు.

చివరి రోజు జల్‌పల్లి అవతల మైదానంలో లారీ పరీక్ష. నిలబెట్టిన డ్రమ్ముల మధ్య నుంచి ఎనిమిది నిమిషాల్లో బండి తిప్పి తేవాలి. ఆరు నిమిషాలకే, ఒక్క డ్రమ్ముకూ తగలకుండా, సాగర్ ఆఖరి మలుపు తిరిగాడు. దారికి అడ్డంగా ఒక బర్రె పడుకుని నెమరు వేస్తోంది.

నుదుటి మీద తెల్ల మచ్చ. సాగర్ బ్రేకు తొక్కాడు. తమ ఇంటి రాణి! గౌలిపురలో చోటు చాలక వాళ్ల నాయన దుర్గయ్య పోయిన ఏడు పశువులను జల్‌పల్లి కొట్టానికి మార్చాడు. అది తెలుసు. ఈ మైదానమే వాటి మేత అని తెలియదు.

బర్రె గుర్తుపడుతుందేమోనని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"హారన్ కొట్టు భాయ్!" జెండా పట్టుకున్న తోటి సిపాయి ప్రేమ్‌రాజ్ అరిచాడు.

కొట్టాడు. రాణి ఒక చెవి ఆడించింది. అంతే.

"ఏంది సార్, దీనికి గూడ పరీక్ష పెట్టిన్రా?" అన్నాడు ప్రేమ్‌రాజ్.

"నిమిషన్నర ఉంది. లొల్లి బంద్ చేసి దాన్ని లేపు," అన్నాడు కృపాకర్ గడియారం చూస్తూ.

ప్రేమ్‌రాజ్ తోక మెలిపెట్టాడు. లేవలేదు. జెండా కర్ర తిరగేసి ఎత్తాడు. గురి పొట్ట మీద.

రాణి కడుపుతో ఉంది. సాగర్ లారీలోంచి దూకాడు.

"కొట్టినవంటే చెయ్యి ఇరుగుతది! సూడి బర్రె అది!"

"నీకెట్ల తెల్సు?"

సాగర్ వంగి రాణి మెడ కింద గోకి, నాలుకతో టకటకమని, "లే బిడ్డా, ఇంటికి పోదాం" అన్నాడు. రాణి లేచింది. వాడి చొక్కా నాకింది. వాడు నడిస్తే వెనకే నడిచింది. తుమ్మచెట్ల చాటు నుంచి ఇంకో పదకొండు వచ్చి వరస కట్టాయి. మూడు నెలల కవాతులో ఈ సిపాయిలు అంత చక్కటి వరస ఒక్కనాడూ కట్టలేదు.

ఎనిమిది నిమిషాలు దాటిపోయాయి.

కృపాకర్ ఫారం తీశాడు. "ఏడో దానికి ఏం రాసినవ్?"

"లేదని రాసిన సార్."

"మరి గీ పన్నెండు ఏంది?"

"మా బర్రెలే సార్. ఈ కంపు సాలయింది. లారీ కావాలె."

"టైం దాటినవ్. అబద్ధం రాసినవ్. రెండిట్ల సున్నా." 'లేదు' కొట్టేసి 'ఉంది' అని రాశాడు. "లారీ పోని జాగకు కంచరగాడిదలు పోతయ్. వాటి దగ్గరికి నిన్ను పంపాల్నా, తోక మెలిపెట్టెటోన్ని పంపాల్నా? నువ్వే చెప్పు."

సాగర్ ప్రేమ్‌రాజ్ చేతిలో కర్ర వైపు చూశాడు.

"నేనే పోత సార్."

సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు.

"రాణికి దెబ్బ తాకలే గద?" అన్నాడు దుర్గయ్య. లారీ ఊసెత్తలేదు. "ఆ కంచరగాడిదలు పాలు ఇస్తయారా?" అన్నాడు.

"ఇయ్యయ్ బాపూ."

"మరెందుకవి?" అని ఫోన్ పెట్టేశాడు.