అందరూ కూర్చున్నాకే

లింగం తలమీది తట్టను ఒడ్డున కుమ్మరించి, నడుం పట్టుకుని నిలబడి, మళ్ళీ బావిలోకి చూశాడు. అడుగున తను గుచ్చి వచ్చిన గడ్డపార ఇక్కణ్ణించి చీపురుపుల్లంత కనిపిస్తోంది. గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి మెట్లను పాదంతో తడుముకుంటూ దిగాలి. వయసులో ఉన్నప్పుడు ఆ మెట్లమీద నిండు తట్టతో పరుగెత్తేవాడు. ఇప్పుడు ప్రతి మెట్టు దగ్గరా మోకాలు ఏదో ఒకటి గొణుగుతోంది.

ఏప్రిల్ ఇంకా సగం కాలేదు, పొద్దున్నే ఎండ చుర్రుమంటోంది. వరసగా రెండేళ్ళు వానలు ముఖం చాటేశాయి. శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ద్రాక్ష తోటలు మోడువారి, పందిరి రాళ్ళు మాత్రం బారులుతీరి నిలబడి ఉన్నాయి. తుర్కపల్లి వైపు పోయే కంపెనీ బండ్లు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. లింగం ముక్కుకు తువ్వాలు కట్టుకుని మళ్ళీ దిగాడు.

ఆ బావి ఉన్న ఎనిమిదెకరాలను ఊళ్ళోవాళ్ళు సార్ల తోట అంటారు. సార్లు పెట్టుకున్న పేరు వేరే ఉంది. ప్రకృతి అనీ కుటీరమనీ అందులో వస్తాయి. ఆ పేరు బోర్డు మీద తప్ప ఎవరి నోటా నిలవలేదు. జీడిమెట్ల ఫ్యాక్టరీల్లోనూ బ్యాంకుల్లోనూ ఉద్యోగాలు చేసుకునే కోస్తా కుటుంబాలు కొన్ని, తొంభై ఆరులో తలా కొంత వేసుకుని ఆ భూమి కొన్నాయి. మట్టి గోడలు, తాటాకు కప్పులు, మందులు కొట్టని పంట, అందరికీ కలిపి ఒకటే వంటిల్లు. పుల్ల విరిచే ముందు చెట్టుకు క్షమాపణ చెప్పుకున్న వాళ్ళు కూడా ఆ రోజుల్లో ఒకరిద్దరు ఉన్నారు. నవ్వుకున్నా సరే, మంచివాళ్ళే. అంత మంచివాళ్ళను ఆ చుట్టుపక్కల ఊళ్ళు అంతకు ముందు చూడలేదు.

భోజనాల పాక గోడమీద ఎర్రమన్నుతో నియమాలు రాసి ఉన్నాయి. భూమిలోకి బోరు దించకూడదు. అందరూ కూర్చున్నాకే తినాలి. ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలి. ఎవరినైనా గారు అనే పిలవాలి.

మొదటి నియమం తోటను ముంచింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా బోర్లు వేసుకున్నారు. వాళ్ళ బోర్లు లోతుకు పోయేకొద్దీ వీళ్ళ బావి ఎండుతూ వచ్చింది. బోరు వేద్దామన్నవాళ్ళు కొందరు పోట్లాడి వెళ్ళిపోయారు. పిల్లలు కండ్లకోయ కాలేజీల ఈడుకొచ్చేసరికి, తేళ్ళు తిరిగే మట్టిగదుల్లో చదవలేమన్నారని మరికొందరు వెళ్ళారు. మిగిలింది రెండిళ్ళు. ఒక దాంట్లో తోటను మొదలుపెట్టిన జానకిరామయ్య, ఆయన భార్య అమ్మాజీ. ఇంకో దాంట్లో జయకృష్ణ, అతని భార్య హరిచందన. పశువుల కొట్టం పక్క గదిలో లింగం.

ఆ ఉదయం వాళ్ళు నలుగురూ జయకృష్ణ కారెక్కి మేడ్చల్ బయల్దేరారు. లింగం తట్ట దించి కారు దగ్గరికి వచ్చాడు. ఒంటినిండా మట్టి. కారుకు తగలకుండా జరిగి నిలబడ్డాడు.

"ఈ ఎండలో బావి ఎందుకండీ లింగం గారూ? ఇక వదిలెయ్యండి," అన్నాడు జానకిరామయ్య.

"ఇంకింత దిగుత సారు. గీ బావి నాకెరికే, నేను తవ్విందే గద. నీళ్ళు పడ్తయి." తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు. "నీళ్ళు పడితె అమ్మరు గద సారు?"

జానకిరామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీళ్ళుంటే ఎందుకు అమ్ముతామండీ," అన్నాడు.

అది మర్యాదకు అన్న మాట. అమ్మకం అప్పటికే ఖాయమైపోయింది. పొలాలు కొని ప్లాట్లు చేసే గౌరయ్య దగ్గర బయానా తీసుకోవడానికే వెళ్తున్నారు. లింగానికి ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక, చదువుకున్న మగవాళ్ళిద్దరూ వారం నుంచీ నువ్వు చెప్పంటే నువ్వు చెప్పమని తోసుకుంటున్నారు. లింగం మాత్రం జానకిరామయ్య అన్నదాన్ని ఒట్టు పెట్టినంత మాటగా తీసుకున్నాడు.

"వంట చేసి మూత పెట్టాను. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాం, వచ్చాక అందరం కూర్చుందాం," అంది అమ్మాజీ కారు కిటికీలోంచి.

"మంచిదమ్మా."

"ఆలస్యమైపోతోందండీ," అని జయకృష్ణ కారు కదిలించాడు.

లింగం పుట్టింది ఊరి చివరి వాడలో. బావులు తవ్వడం, పూడిక తీయడం అతని పని. కుడికాలి బొటనవేలికి గోరు లేదు, గడ్డపార పడి ఎప్పుడో పోయింది. అతను తవ్విన బావుల నీళ్ళు ఊరంతా తాగింది. ఊళ్ళో హోటల్లో మాత్రం అతని గ్లాసు చూరులో వేరుగా ఉండేది. తనే తీసుకుని, దూరం నుంచి చాయ్ పోయించుకుని, తనే కడిగి మళ్ళీ చూరులో పెట్టాలి. అందులో కోపం తెచ్చుకోవాల్సిందేదో ఉందని అతనికి చాలాకాలం తట్టలేదు. తరవాత బోరు లారీలు వచ్చాయి, పని పోయింది. భార్య అంతకు ముందే పోయింది. పిల్లల్లేరు. ఒక చెల్లెలుంది, వజ్రమ్మ, ఊళ్ళోనే మేకలు మేపుకుంటుంది.

సార్లు కొత్తగా వచ్చినప్పుడు, తను ఒకప్పుడు తవ్విన ఈ బావినే ఇంకా లోతు చేయడానికి కూలికి వచ్చాడు. మొదటి రోజు మధ్యాహ్నం అన్నం విస్తరాకులో పెట్టించుకుని వేపచెట్టు కిందికి పోతుంటే, అమ్మాజీ వెనకాలే వచ్చి చెయ్యి పట్టుకుని పాకలోకి తీసుకుపోయి, తన పక్కన బంతిలో కూర్చోబెట్టింది. ఆ పూట లింగం తలెత్తలేదు. అన్నం సగం వదిలేసి లేచాడు. ఆ సాయంత్రం వజ్రమ్మ గుడిసె ముందు కూర్చుని, ఎందుకో చెప్పకుండా, చాలాసేపు ఏడ్చాడు. మర్నాడు మధ్యాహ్నానికి స్నానం చేసి చొక్కా తొడుక్కుని వచ్చాడు. అప్పటి నుంచి స్నానం లేకుండా, చొక్కా లేకుండా ఆ బంతిలో ఒక్క పూట కూర్చోలేదు.

అమ్మాజీ మేడ్చల్‌లో స్టీలు సామాన్ల కొట్లో అతనికీ ఒక కంచం కొని లోపలివైపు పేరు కొట్టించింది. 'లింగం గారు' అని. అతనికి చదువు రాదు. చుక్కలు చుక్కలుగా ఉన్న ఆ అక్షరాలను బొటనవేలితో తడిమి చూసుకునేవాడు. సారు అనొద్దని ఎన్నిసార్లు చెప్పినా "సరే సారు" అనేవాడు గాని, ఆ కంచం మీది గారును మాత్రం ఎవరికీ వదులుకునేవాడు కాదు. తోట పోతే కూడు దొరక్కపోదు. వజ్రమ్మ ఇంత గటక పోస్తుంది. కాని బంతి ఎక్కడ దొరుకుతుంది? ఆ బంతి కోసమే ఆ ముసలివాడు బావిలోకి దిగుతున్నాడు.

సూర్యుడు నెత్తిమీదికొచ్చేసరికి బావిలో నీడ పూర్తిగా పోయింది. రాళ్ళు కాలి, అడుగున ఊపిరాడటం లేదు. గడ్డపార పోటు వేస్తే ఇంతసేపూ ఠంగుమంటున్నది, ఒకచోట మెత్తగా దిగింది. లింగం మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తోడాడు. నల్లటి బంకమట్టి. పిడికిట్లో పిసికితే వేళ్ళ సందున మెరిసింది. చెంపకు ఆనించుకున్నాడు, చల్లగా ఉంది.

నిజం చెప్పాలంటే అది చెంబు నిండే ఊట కూడా కాదు. ఏ రాతి పొరలోనో దాక్కున్న పాత చెమ్మ. బావులు తవ్వినవాడికి ఆ తేడా తెలిసే ఉండాలి. అప్పుడు తెలుసుకోదలుచుకోలేదు, అంతే.

ఆ ముద్దను తువ్వాల్లో చుట్టుకుని పైకి ఎక్కాడు. సగంలో కళ్ళు బైర్లు కమ్మితే రాతిని కరుచుకుని ఆగాడు. పైకి వచ్చి, తొట్టి అడుగున మిగిలిన నీళ్ళతో స్నానమైందనిపించి చొక్కా తొడుక్కున్నాడు. పాకలో చాప పరిచాడు. వాళ్ళ నాలుగు కంచాలూ వరసగా బోర్లించి, చివర తన కంచం పెట్టుకుని, గోడకు చేరగిలబడ్డాడు. మట్టిముద్దను కింద పెడితే నేల చెమ్మ తాగేస్తుందని తన కంచంలోనే పెట్టాడు. రాగానే ముందు అది చూపించాలి.

మేకలు తోలుకుపోతూ వజ్రమ్మ పాకలోకి తొంగిచూసింది.

"అన్నా, ఇంక తినలేదా? మొకం గట్లయిందేంది?"

"సార్లు రాలే."

"వాళ్ళు రాకుంటే నువ్వు తినవా? ఇంత తిను, పడిపోతవ్ గీ ఎండకు."

"అందరు కూసున్నంకనే తినాలె. గోడమీద రాసిన్రు."

"నీకు సదువొస్తదా?"

"రాదు. ఎరికే."

వజ్రమ్మ గొంతు తగ్గించింది. "సార్లు భూమి అమ్మిన్రట. గౌరయ్య పటేలు రాళ్ళు పాతుతడని ఊరంత అంటున్నరు."

లింగం నవ్వాడు. పెదాలు పగిలి ఉన్నాయి. కంచం ఆమె వైపు తోశాడు. "ఇగో, సూడు. నీళ్ళు పడ్డయి. ఇగ అమ్మరు."

వజ్రమ్మ వేలుపెట్టి చూసింది. వేలు చీరకు తుడుచుకుని అన్న ముఖం చూసింది. కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చింది. లింగం రెండు గుక్కలు తాగి, వాళ్ళకు కాళ్ళు కడుక్కోవడానికి కావాలని చెంబు పక్కన పెట్టాడు. మేకలు ఎవరి మడిలోనో పడ్డాయని కేక వినిపిస్తే వజ్రమ్మ పరుగెత్తింది.

ఒంటిమీద చెమట ఆగిపోయింది. నీడకొచ్చినందుకు ఒళ్ళు చల్లబడుతోందని లింగం అనుకున్నాడు. కంచంలోని ముద్దను మరోసారి నాలుగు వేళ్ళతో నొక్కి చూశాడు. ఇంకా మెత్తగానే ఉంది. సార్లకు ఎలా చెప్పాలో నోట్లో అనుకున్నాడు. ముందు చెప్పకూడదు, కంచం చూపించాలి, అంతే. అమ్మాజీ నవ్వుతుంది. దూరంగా బండి చప్పుడైనప్పుడల్లా నిటారుగా కూర్చుని చొక్కా గుండీలు తడుముకున్నాడు. కంపెనీ బండ్లు వస్తున్నాయి, పోతున్నాయి. కాసేపటికి చెయ్యి గుండీ మీద నుంచి జారి ఒళ్ళో పడింది. తల గోడకు ఒరిగింది. ఈగ ఒకటి వచ్చి పగిలిన పెదవి మీద వాలితే అతను తోలుకోలేదు.

వాళ్ళు దీపాలవేళకు వచ్చారు. బయానా ఇచ్చిన చేత్తో భోజనం పెట్టించకుండా పంపనని గౌరయ్య పట్టుబట్టి హోటలుకు తీసుకుపోయాడు. "లింగం గారు తిన్నారో లేదో," అని అక్కడ అమ్మాజీ ఒకసారి అంది. "ఈపాటికి తినే ఉంటారు లెండి," అన్నాడు జయకృష్ణ. ఆ మాటతో అందరి మనసూ కుదుటపడింది.

పాకలో లాంతరు వెలిగించిన హరిచందన కేకకు ముగ్గురూ పరుగెత్తుకొచ్చారు. గోడకు ఒరిగిన లింగం ఒళ్ళు బిగుసుకుపోయి ఉంది. అమ్మాజీ అన్నం గిన్నె మూత తీసింది. పైన అన్నం ఎండి పెచ్చు కట్టింది, గరిటె పెట్టిన గుర్తు లేదు.

"తినలేదండీ," అంది భర్త వైపు తిరిగి. "వస్తామని నేనే చెప్పాను. మనం తిన్నాం, ఆయన తినలేదు." గిన్నె పక్కనే కూలబడి, మూత ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

"కంచంలో ఈ మట్టేమిటి?" అన్నాడు జయకృష్ణ.

సంగతి తెలిసి ఊళ్ళోంచి నలుగురిని వెంటబెట్టుకొచ్చిన వజ్రమ్మ జవాబు చెప్పింది. ఆమె గొంతులో కోపం లేదు. "నీళ్ళు పడ్డయని మీకు సూపెడ్తనన్నడు సారూ. ఇగ అమ్మరన్నడు."

జానకిరామయ్య కళ్ళజోడు తీశాడు. తుడవలేదు. అలా చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. బయానా డబ్బు జయకృష్ణ చంకలోని సంచిలో ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అతను చేతులు మార్చుకున్నాడు.

మర్నాడు లింగాన్ని వాడవాళ్ళు తీసుకుపోయి వాళ్ళ చోటనే పూడ్చారు. సార్లు నలుగురూ వెంట నడిచారు. బయానా వెనక్కి ఇద్దామని జానకిరామయ్య ఒక్కసారి అన్నాడు. రెండోసారి అనలేదు. వానలు రాకముందే రెండిళ్ళూ ఖాళీ అయ్యాయి. వెళ్ళేటప్పుడు ఎవరి కంచం వాళ్ళు తీసుకున్నారు. లింగం కంచం కడుగుదామని అమ్మాజీ ఒకసారి వంగి, చేతులు రాక, అలాగే వదిలేసింది.

గౌరయ్య మనుషులు పాక పడగొట్టడానికి వచ్చిన రోజున ఆ కంచం ఇంకా బంతి చివర దాని చోటనే ఉంది. అందులో మట్టిముద్ద రాయిలా ఎండి, నాలుగు వేళ్ళ అచ్చులతో, గారు అన్న అక్షరాల మీద కూర్చుని ఉంది.